ఒక్కరోజులో ఒక సామ్రాజ్యం : ఆలూర్ నుండి బోధన్ వరకు చరిత్ర యాత్ర

ఉద్యోగ విరమణ తరువాత మనలో చాలామందికి యాత్రలు మొదలవుతాయి. ముందు తిరుపతి, కాశీ, రామేశ్వరం. ఆ తరువాత విదేశాల్లో ఉన్న కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో ప్రయాణం. ఇటీవలి కాలంలో చైనా దేశం కూడా చూసి వస్తున్నవారు ఉన్నారు. బీజింగులో దిగినవారిని బస్సులో ఎక్కించి, ఒక్కరోజులోనే మహాకుడ్యాన్ని, మింగ్ చక్రవర్తుల సమాధులను చూపించి సాయంత్రానికి హోటలుకు చేరుస్తారు. గైడు చిన్న జెండా పట్టుకొని ముందు నడుస్తాడు. పదహారుమంది మింగ్ చక్రవర్తులలో పదముగ్గురి సమాధులు ఒకే లోయలో ఉన్నాయని, 1406లో మొదలుపెట్టిన రాజప్రాసాదం 1420లో పూర్తయిందని వివరిస్తాడు. చూసి వచ్చినవారు "ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నారండీ!" అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు న్యాయమైనదే.

అయితే విజ్ఞులైన పాఠకులకు ఒక సంగతి మనవి చేయవలసి ఉంది. క్రీ.శ. 851లో అరబ్బీ భాషలో ఒక గ్రంథం వెలువడింది. సులేమాన్ అనే వర్తకుని పేర అది ప్రసిద్ధం. పారశీక సింధుశాఖ రేవుల నుండి ఓడలెక్కి హిందూదేశానికి, చైనాకు వ్యాపారం చేసిన వారి అనుభవాలు అందులో ఉన్నాయి. ప్రపంచంలోని మహారాజులు నలుగురని ఆ గ్రంథం చెబుతుంది. మొదటివాడు బాగ్దాదు ఖలీఫా. రెండవవాడు చైనా చక్రవర్తి. మూడవవాడు రూము దేశపు రాజు. నాలుగవవాడు బల్హరా, చెవులు కుట్టించుకునే వారందరికీ అధిపతి.

ఈ బల్హరా ఎవరు? వల్లభరాజు అనే బిరుదు అరబ్బుల నోట బల్హరా అయింది. ఆ బిరుదు రాష్ట్రకూట చక్రవర్తులది. 851 నాటికి సింహాసనం మీద ఉన్నవాడు అమోఘవర్షుడు, రాజధాని మాన్యఖేటం, అనగా నేటి కర్ణాటకలోని మల్‌ఖేడ్. మన ఇందూరు ప్రాంతం ఆ సామ్రాజ్యంలో భాగం. నేడు మన పల్లెల పిల్లలు బతుకుదెరువుకు దుబాయికి, మస్కట్‌కు పోతున్నారు. సుమారు పన్నెండు వందల ఏళ్ల కింద ఆ దిక్కు నుండే వర్తకులు ఇటు వచ్చి, మన చక్రవర్తిని చైనా చక్రవర్తి సరసన కూర్చోబెట్టి రాసుకున్నారన్నమాట.

చైనా వెళ్లి చూడడానికి లక్షలు కావాలి. ఆ నాలుగవ రాజుగారి సీమ చూడడానికి ఒక మినీ బస్సు, ఒక రోజు తీరిక, పులిహోర డబ్బా చాలు. ఆలూర్, ఆర్మూరు, చుట్టుపక్కల పల్లెల పెన్షనరు మిత్రులు, వారి కుటుంబాలు కలిసి చేయదగిన ఒక్కరోజు యాత్రను ఈ ప్రత్యేక సంచికలో వివరిస్తున్నాను.

బయలుదేరడం

కార్తీక మార్గశిర మాసాలు ఈ యాత్రకు అనుకూలం. పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబోయడం మొదలయ్యాక రైతు కుటుంబాలకు తీరిక ఉండదు. ఎండలు ముదిరితే మన వయసువారికి గుట్టలు ఎక్కడం కష్టం. పొద్దున ఆరు గంటలకు బస్సు కదిలితే ఎండ ముదరకముందే సగం పని అవుతుంది.

మొదటి మజిలీ మన ఆర్మూరు సిద్ధులగుట్టే. రోజూ చూసే గుట్టను యాత్రలో చేర్చడమేమిటని అనుకోవద్దు. ఆరు, మూడు కలిపితే తొమ్మిది. తొమ్మిదిమంది నాథ సిద్ధులు ఇక్కడ తపస్సు చేశారని, అందుకే ఈ ఊరికి నవనాథపురమని పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. నాథ సంప్రదాయం దక్కనులో ఎంత దూరం పాకిందో చెప్పే ఆనవాళ్లలో ఈ గుట్ట ఒకటి. పేర్చినట్టుగా నిలిచిన ఆ నల్లరాళ్ల సందుల్లో నవనాథ సిద్ధేశ్వరుని దర్శించుకొని నిజామాబాదు దారి పట్టవచ్చు. దారిలో అంకాపూర్ వస్తుంది. నాటుకోడి కూర కోసం దూరదూరాల నుండి జనం వచ్చే ఊరు. పొద్దున్నే ఆగవలసిన పని లేదు, కాబట్టి డాక్టరు సలహా తప్పే ప్రమాదమూ లేదు.

ఇందూరు కోట

నిజామాబాదు అనే పేరు వచ్చింది 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో, రైలుమార్గం పడిన రోజుల్లో. అంతకు ముందు అది ఇందూరు. ఇంకా ముందు ఇంద్రపురి అని స్థానిక చరిత్రలు చెబుతాయి. ఇంద్రవల్లభుడనే రాజు పేర ఆ ఊరు వెలిసిందని ఐతిహ్యం.

రాష్ట్రకూట వంశంలో మూడవ ఇంద్రుడు 914 ప్రాంతంలో సింహాసనమెక్కాడు. పట్టాభిషేక సందర్భంలో తులాభారం తూగి, అంతకు ముందు రాజులు లాగేసుకున్న అగ్రహారాలను తిరిగి ఇప్పించినట్టు ఆయన తామ్రశాసనాలు చెబుతాయి. ఆయన బిరుదు నిత్యవర్షుడు. రెండేళ్లు తిరగకుండానే ఆయన సేనలు వింధ్య పర్వతాలు దాటి కన్యాకుబ్జం, అనగా నేటి కనౌజ్ నగరాన్ని పట్టుకున్నాయి. ఆనాటి ఉత్తరదేశపు చక్రవర్తి ప్రతీహార మహీపాలుడు రాజధాని విడిచి పారిపోయాడు. ఈ దండయాత్రలో ముందు నడిచినవాడు మన ప్రాంతపు సామంతుడు, వేములవాడ చాళుక్యుడు రెండవ నరసింహుడు. ఆయన గంగానదిలో తన గుర్రాలను కడిగించాడని పంప మహాకవి రాశాడు. గోదావరి నీళ్లు తాగిన గుర్రాలు గంగలో దిగాయన్నమాట.

ఇందూరు గుట్ట మీది రఘునాథాలయాన్ని మనమందరం ఖిల్లా రామాలయం అంటాం. కోట గోడలు తరువాతి కాలంలో పలుమార్లు మార్పులు పొందాయి. ఈ ఖిల్లాలోనే నిజాం కాలంలో జైలు ఉండేది. 1948లో దాశరథి కృష్ణమాచార్యులవారు, వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఇక్కడ ఖైదు అనుభవించారు. కాగితం, కలం లేని చోట దాశరథిగారు బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాశారు. ఆ తరువాత తన "అగ్నిధార"ను ఆళ్వారుస్వామిగారికే అంకితమిచ్చారు. చక్రవర్తులు తమ విజయాలను రాళ్ల మీద చెక్కించుకున్నారు. ఖైదీ కవి రాత బొగ్గు రాత. అయినా ఈనాడు మన మనవలకు కంఠస్థంగా ఉన్నది దాశరథిగారి పద్యమే గాని చక్రవర్తి ప్రశస్తి కాదు. కోట గోడ దగ్గర నిలబడి పిల్లలకు ఈ మాట చెప్పడం మరువవద్దు.

బోధన్ : పదహారు మహారాజ్యాలలో ఒకటి

ఇందూరు నుండి జానకంపేట, ఎడపల్లి మీదుగా బోధన్ చేరడానికి గంట సరిపోతుంది. దారిలో అలీసాగర్ తోటలో కూర్చొని ఫలహారం చేయవచ్చు.

బోధన్ అనగానే మన తరానికి చక్కెర ఫ్యాక్టరీ గుర్తుకు వస్తుంది. పురాణాలు వినే పెద్దలకు ఏకచక్రపురం గుర్తుకు వస్తుంది. భీముడు బకాసురుణ్ణి చంపిన ఊరు ఇదేనని, ఆ రాక్షసుడు ఉన్న చోటే నేటి రాకాసిపేట అని స్థానికుల నమ్మకం. చరిత్రకారులు చెప్పే మాట ఇంకొకటి ఉంది.

బుద్ధుని కాలంలో భారతదేశంలో పదహారు మహాజనపదాలు ఉండేవని బౌద్ధ గ్రంథాలు పేర్కొన్నాయి. మగధ, కోసల, అవంతి మొదలైన ఆ రాజ్యాలలో దక్షిణాన ఉన్నది ఒక్కటే, అశ్మకం. పాళీ భాషలో అస్సక. అది గోదావరి తీరపు రాజ్యం. దాని ముఖ్యపట్టణం పోతన లేక పోదన. ఆ పోదనయే క్రమంగా బోధన్ అయిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అశ్మకాన్ని ఇంకా పడమరకు, మహారాష్ట్ర వైపు జరిపి చెప్పేవారూ ఉన్నారు. కాని గోదావరికి దగ్గరగా ఉండి, పోదన అనే పేరును శాసనాలలో, కావ్యాలలో నిలుపుకొని, రాజధానిగా పేరు పొందిన ఊరు మన బోధన్. ఈ వాదానికి బలం అక్కడే ఉంది.

జాతక కథలలో ఈ నగరం మీద ఒక ముచ్చటైన కథ ఉంది. కళింగ రాజుకు యుద్ధమంటే మహా ఇష్టం, ఎదిరించేవాడే లేడు. అందుకని తన నలుగురు కుమార్తెలను మూతల బండిలో ఎక్కించి, కాపలా భటులతో ఊరూరా తిప్పాడు. వీరిని అంతఃపురంలో ఉంచుకోదలచిన రాజు తనతో యుద్ధం చేయాలని షరతు. ప్రతి నగరం వారూ భయపడి కోట తలుపులు మూసి, బయటికే కానుకలు పంపి సాగనంపారు. చివరికి బండి అస్సక రాజు అరుణుని నగరానికి వచ్చింది. అక్కడా తలుపులు మూశారు. అప్పుడు నందిసేనుడనే మంత్రి "ఇంత పెద్ద దేశంలో తలుపు తెరిచే మగవాడే లేడన్న మాట పడతామా?" అని తలుపులు తెరిపించాడు. యుద్ధం వచ్చింది. నందిసేనుని ఉపాయంతో అస్సకులే గెలిచారు. కథను కథగానే తీసుకుందాం. అయినా దేశమంతా తెలిసిన నగరంగా, తలవంచని నగరంగా దీని పేరు ఉత్తరాది కథకుల నోట నిలిచిందన్నది గమనించదగినది.

ఇంకొక కథ మన వయసువారికి మరీ దగ్గరిది. బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడు కోసల దేశం నుండి వచ్చి అస్సక రాజ్యంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకున్నాడు. బుద్ధుడు వెలిశాడని విని, తాను నడవలేని వయసు కావడంతో పదహారుమంది శిష్యులను పంపాడు. వారు పైఠన్, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి మీదుగా మగధ చేరారు. ఈ వివరాలు సుత్తనిపాతం అనే ప్రాచీన గ్రంథంలో ఉన్నాయి. ఉత్తర దక్షిణాలను కలిపే దారిని అంత స్పష్టంగా చెప్పిన పాత ఆధారాలు చాలా తక్కువ. బావరి ఆశ్రమం నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తి అని కొందరు పరిశోధకులు గుర్తించారు. ఆ పదహారుమందిలో పింగియుడు ముసలివాడు. కంటిచూపు మందగించింది, చెవులు సరిగా వినపడవు, ఒంట్లో బలం లేదు. ఆ సంగతే బుద్ధునితో చెప్పుకొని తన సందేహం అడిగాడు. తిరిగి వచ్చి బావరికి అంతా వివరిస్తూ, శరీరం ఇక్కడ ఉన్నా మనసు మాత్రం ఆ వైపే ఉందని చెప్పాడు. ముసలితనంలో గోదావరి నుండి మగధ దాకా నడిచిన మనిషి ఆయన. మనకు ఆర్మూరు నుండి బోధన్ దాకా ఏసీ బస్సు ఉంది.

తైలపు బావుల్లో ఏనుగులు

అశ్మకుల తరువాత శతాబ్దాలు గడిచాయి. 8వ శతాబ్దిలో రాష్ట్రకూట సామ్రాజ్యం నెలకొన్నాక, వారి సామంతులుగా చాళుక్యుల శాఖ ఒకటి ఇక్కడ పాలన ప్రారంభించింది. ఆ వంశానికి ఆద్యుడైన యుద్ధమల్ల వినయాదిత్యుడు బోధన్‌లో ఉండి సపాదలక్ష దేశాన్ని ఏలాడు. సపాదలక్ష అంటే లక్షా పాతికవేలు. అది గ్రామాల సంఖ్యా, పన్ను మొత్తమా అన్నదాని మీద పండితులు వాదించుకున్నారు. ఆయన బోధన్‌లో తైలం నింపిన బావులలో అయిదువందల ఏనుగులకు స్నానం చేయించేవాడని పంపకవి చెప్పాడు. ఆ తైలస్నానం మాట 966 నాటి పర్భణీ తామ్రశాసనంలోనూ ఉంది.

కవుల అతిశయోక్తి అని దీన్ని తీసిపారేయవచ్చు. కాని లెక్కల శాఖలో పనిచేసినవారు దీన్ని మరోలా చదువుతారు. ఏనుగులకు నూనె పట్టించాలంటే ముందు గింజలు పండాలి. ఆ గింజలు గానుగలకు చేరాలి. గానుగ ఆడేవాడు, ఎద్దు, బండి, కుండలు చేసే కుమ్మరి, సుంకం వసూలు చేసే ఉద్యోగి, అన్నింటికీ లెక్క రాసే కరణం ఉండాలి. బావి నిండా నూనె అంటే రాజుగారి డాబు ఒక్కటే కాదు. నల్లరేగడి నేల పంటను ఒకచోటికి చేర్చగల యంత్రాంగం ఇక్కడ ఉండేదని అర్థం. ఈనాడు పసుపు కొమ్ములు ఊరూరి నుండి నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేరుతున్నట్టే ఆనాడు తైలం బోధన్‌కు చేరింది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ఏర్పడి నిజామాబాదు దానికి కేంద్రమయింది. నేల పంటే రాజధానిని నిర్ణయిస్తుందన్నది పాత సూత్రమే.

ఆ చాళుక్యులు తరువాత వేములవాడకు మారారు. ఆ వంశపు రెండవ అరికేసరి ఆస్థానంలోనే పంపడు 941లో విక్రమార్జున విజయం అనే కన్నడ భారతాన్ని పూర్తి చేశాడు. కన్నడ సాహిత్యపు ఆదికవి మన గడ్డ మీది ఆస్థానకవి. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కుర్క్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. అందులో తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. నన్నయగారికి దాదాపు వందేళ్ల ముందటి పద్యాలు! 2008లో మన భాషకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు చూపిన సాక్ష్యాల్లో ఈ శాసనం ఒకటి.

కనబడని బాహుబలి

జైనులకు బోధన్ పేరు పవిత్రం. ఆదితీర్థంకరుని కుమారులు భరత బాహుబలులలో బాహుబలి రాజధాని పౌదనపురం. అక్కడ భరతుడు తమ్ముని మహావిగ్రహాన్ని నిలిపాడని జైన సంప్రదాయం. ఆ పౌదనపురమే బోధన్ అని పలువురు భావించారు. కర్ణాటకలోని శ్రావణబెళగొళలో 12వ శతాబ్దపు కన్నడ శాసనం ఒకటి ఉంది. గంగరాజుల మంత్రి చావుండరాయడు పౌదనపుర విగ్రహం మహిమ విని దర్శించాలని బయలుదేరబోతే, ఆ చోటు దూరమని, విగ్రహాన్ని కుక్కుట సర్పాలు చుట్టి ఉన్నాయని, చేరడం సాధ్యం కాదని పెద్దలు చెప్పారట. అప్పుడాయన తన చోటనే అటువంటి మూర్తిని చెక్కించాడు. సుమారు 57 అడుగుల ఆ గోమటేశ్వర విగ్రహాన్ని, 981 ప్రాంతంలో నిలిపినదాన్ని, చూడడానికి నేడు దేశదేశాల నుండి జనం వస్తారు. దానికి మూలమైన మూర్తి ఉన్నదని చెప్పే ఊరికి మాత్రం మనం పక్కనుండి కూడా పోము.

దేవల్ మసీదు

బోధన్‌లో చూడవలసిన ముఖ్యమైన కట్టడం దేవల్ మసీదు. పేరులోనే చరిత్ర ఉంది. దేవళం, మసీదు రెండు మాటలూ కలిసే ఉన్నాయి. నక్షత్రాకార పునాది, చెక్కిన స్తంభాలు, కొన్ని స్తంభాల మీద తీర్థంకరుల రూపాలు, ఢిల్లీ సుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలపు పారశీక శాసనం అన్నీ ఈ ఊరిలోనే ఉన్నాయి. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1914లో ఏర్పడ్డాక దాని అధిపతి గులాం యజ్దానీగారు బోధన్ శాసనాలను చదివి ప్రకటించారు. మూడవ ఇంద్రుని పేర వెలసిన ఇంద్రనారాయణ ఆలయం ప్రస్తావన 11వ శతాబ్దపు కల్యాణి చాళుక్యుల నాటి బోధన్ శాసనంలో ఉంది. ఆ నారాయణుని పేరు చదివాక ఇందూరు పేరు వినండి. ఐతిహ్యం పూర్తిగా గాలిలో పుట్టింది కాదనిపిస్తుంది.

ఇటువంటి చోటుకు వెళ్లినప్పుడు మన పెద్దరికం పనికిరావాలి. ఒకరి గుడి ఇంకొకరి గుడి అయిందని, అది మరొకరి మసీదు అయిందని చరిత్ర చెబుతుంది. ఎవరు ఎవరికి బాకీ అనే మాటకు మనవలను అక్కడికి తీసుకుపోనక్కరలేదు. జైనుడు చెక్కించినది, వైష్ణవుడు పూజించినది, ముస్లిము నమాజు చేసినది ఒకే ఊరి రాయి. ఆ రాయి మీది రాతను చదివి లోకానికి చెప్పిన యజ్దానీగారు ముస్లిము పండితులే.

శాసనం చదవడం మనకు కొత్త కాదు

శాసనమంటే మనకు రాని విద్య అని భయపడతాం. నిజానికి ఆఫీసులో ముప్ఫై ఏళ్లు ఫైళ్లు తిప్పినవారికి దాని ఫార్మాటు ఇట్టే తెలుస్తుంది. మొదట మంగళాచరణం. తరువాత రాజుగారి బిరుదులు, అవి హోదా, డిజిగ్నేషను వంటివి. తరువాత తేదీ, అనగా శకవర్షం, సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం. ఆ మీద దాత ఎవరు, గ్రహీత ఎవరు, దేనికోసం అనే ఉత్తర్వు. భూమి హద్దులు నాలుగు దిక్కులా, మన పంచనామాలో మాదిరే. ఏయే పన్నులు మినహాయింపు. చివర శాపం. దానం చేసిన భూమిని లాక్కున్నవాడు అరవైవేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. ఇంతకంటే గట్టి పెనాల్టీ క్లాజు ఏ జీవోలో ఉంది?

శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఉదాహరణకు, వేములవాడలోని జినాలయం కోసం సోమదేవసూరికి మూడవ అరికేసరి ఒక గ్రామాన్ని దానమిచ్చిన పర్భణీ తామ్రశాసనం తేదీ శక 888. అంటే 966. ఆలయాల దానాల్లో చాలాచోట్ల మొదటి ఖర్చు పద్దు విరిగిన వాటి మరమ్మతు, సున్నం వేయడం. కట్టినవాడి పేరు నిలవాలంటే మరమ్మతుకు బడ్జెటు కావాలని వెయ్యేళ్ల కిందే ఎరిగినవారు మన పూర్వులు.

షక్కర్‌నగర్

బోధన్ వెళ్లి షక్కర్‌నగర్ చూడకుండా రావడం న్యాయం కాదు. మంజీర నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టును నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ నిర్మించారు. ఆ కాలువ నీళ్లతో చెరకు పండింది. 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఆసియాలోనే అతి పెద్దదని ఒకప్పుడు పేరు. క్వార్టర్లు, బడి, దవాఖాన, ఆటస్థలం, సొంత రైలు పట్టాలు, ఒక రాజ్యానికి ఉన్నవన్నీ దానికి ఉండేవి. 2015 డిసెంబరులో అది మూతపడింది.

ఆ గేటు దగ్గర ఆగినప్పుడు బస్సులో ఉన్నవారిలో ఎవరో ఒకరి బంధువు అక్కడ పనిచేసినవారే అయి ఉంటారు. అప్పుడు చరిత్ర పుస్తకం నుండి బయటికి వస్తుంది. నూనె బావుల రాజధాని ఎలా పోయిందో ఏ శాసనమూ వివరంగా చెప్పదు. చక్కెర రాజధాని ఎలా పోయిందో చెప్పగలవారు ఇంకా మన మధ్య ఉన్నారు. ఏ సంవత్సరం ఎంత చెరకు వచ్చింది, బోనసు ఎంత ఇచ్చారు, సైరను ఎన్ని గంటలకు మోగేది, రాత్రి షిఫ్టులో టీ ఎవరు తెచ్చేవారు. ఇవి ఎవరూ రాసుకోకపోతే, ముందు తరాలకు ఇదీ ఒక పాడుబడిన కోటే అవుతుంది.

తిరుగు దారి

పొద్దు ఉంటే రెంజల్ మండలం కందకుర్తి దాకా పోవచ్చు. అక్కడ గోదావరిలో మంజీర, హరిద్ర కలుస్తాయి. హరిద్ర అంటే పసుపు. పసుపు పండించే మన సీమ సరిహద్దులో పసుపు పేరు గల నది ఉందని చాలామందికి తెలియదు. పొద్దు లేకుంటే నిజామాబాదు మీదుగా డిచ్‌పల్లి చేరి, నాలుగో నంబరు కాదు, నలభైనాలుగో నంబరు జాతీయ రహదారి పట్టుకొని ఆర్మూరు రావచ్చు. డిచ్‌పల్లి గుట్ట మీది రామాలయం కాకతీయుల కాలపు శిల్పరీతికి చక్కని ఉదాహరణ. నలుపు తెలుపు రాళ్లలో చెక్కిన శిల్పాల మూలంగా దాన్ని ఇందూరు ఖజురహో అంటారు. కట్టడం పూర్తికాకుండానే ఆగిపోయిన గుర్తులు కనబడతాయి. మెట్లు వంద పైచిలుకు. మోకాళ్ల నొప్పులున్నవారు కింద కోనేటి దగ్గర కూర్చొని దాని నడుమ ఉన్న మండపాన్ని చూస్తే చాలు.

మనవి

ఈ యాత్రలో చైనా గైడు పట్టుకునే జెండా మనకు దొరకదు. చాలా చోట్ల బోర్డు కూడా ఉండదు. గైడుగా నిలవవలసినది మనమే. మన సభ్యులలో రిటైరయిన తెలుగు పండితులు, సోషల్ టీచర్లు ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క చోటు గురించి పావుగంట మాట్లాడేట్టు ముందే పంచుకుంటే సరిపోతుంది.

ఇంకొక ముఖ్య విషయం. మన ప్రాంతపు ప్రభుత్వ భాష బోధన్ చాళుక్యుల నాడు కన్నడం, సంస్కృతం. తరువాత పారశీకం. 1884 నుండి ఉర్దూ. మన ఊళ్ల పాత సేత్వారీలు, పహాణీలు, చెరువుల లెక్కలు ఉర్దూలోనే ఉన్నాయి. 1948కి ముందు ఉర్దూ మాధ్యమంలో చదువుకొని, ఆ షికస్తా రాతను గడగడా చదవగలిగినవారు నేడు తొంభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నారు. పాత కన్నడ శాసనం చదవడానికి పండితులు పుస్తకాలతో తయారవుతారు. ఊరి పట్వారీ గొలుసుకట్టు రాత చదవడం పుస్తకాలతో అంత సులభంగా అబ్బదు. ఆ పెద్దలు ఉన్నప్పుడే, పక్కన కూర్చొని చదివించుకొని తెలుగులో రాసుకోవాలి. ఈ పని ఏ శాఖా చేసిపెట్టదు. వారి కుటుంబాలు, మన సంఘమే చేయాలి.

అలాగే మన పొలాల గట్ల మీద, చెరువు కట్టల మీద, గుడి ప్రాంగణాల్లో అక్షరాలున్న రాళ్లు ఉన్నాయి. వాటికి రంగులు, సున్నం, నూనె పూయనీయవద్దు. గుప్తనిధుల పిచ్చితో తవ్వేవారిని ఊరి పెద్దలుగా ఆపాలి. మసక వెలుతురులో పక్కనుండి టార్చి వేసి ఫోటో తీస్తే అక్షరాలు స్పష్టంగా పడతాయి. ఆ ఫోటో, ఊరి పేరు, రాయి ఉన్న చోటు రాసి రాష్ట్ర పురావస్తు శాఖకు పంపవచ్చు. మన చేతిలోని ఫోనుతో అయ్యే పని ఇది.

చివరగా ఒక సూచన. యాత్రకు పేర్లు ఇచ్చేవారు ఒక్క సీటుకు ఇవ్వవద్దు. రెండు సీట్లకు ఇవ్వండి. ఒకటి మనకు, పక్కది మనవడికో మనవరాలికో. అరబ్బు వర్తకుడు లెక్కించిన నలుగురు మహారాజులలో నాలుగవవాడు ఎవరని రేపు ఆ పిల్లను బడిలో అడిగితే, చేయెత్తి జవాబు చెప్పగలగాలి.